అమ్మగారి మోకాళ్లకి తాయ్ చీ పనికొస్తుందా? - సమాధానం
మీ అమ్మగారికి మోకాళ్ల అరుగుదల, బాత్రూమ్‌లో తూలినప్పటి నుంచి నడవాలంటేనే భయం, ఈ చెన్నై ట్రాఫిక్‌లో వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకెళ్లలేకపోతున్నాం, బదులుగా తాయ్ చీ (నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం) చేయించొచ్చా అని అడిగారు కదా. చేయించొచ్చండి. 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిని రెండు జట్లు చేసి 12 వారాలు చూస్తే, తాయ్ చీ చేసినవాళ్లకీ ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లకీ నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది.

తూలడం విషయంలో ఇంకా మేలు, ఎందుకంటే బరువుని ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకి నెమ్మదిగా మార్చడమే ఇందులో అసలు పని, దాంతో తొడ కండరాలు గట్టిపడి నిలదొక్కుకోవడం అలవాటవుతుంది. బీపీ కూడా కాస్త తగ్గొచ్చు, అలాగని మాత్రలు మానేయొద్దు!

1956లో చైనాలో కుదించిన 24 భంగిమల యాంగ్ అనే తాయ్ చీ పద్ధతి యూట్యూబ్‌లో దొరుకుతుంది, అందులో మొదటి నాలుగైదు చాలు. లోతుగా వంగనివ్వకండి, పక్కన కుర్చీ ఉండాలి. మైలాపూర్ దగ్గరైతే నాగేశ్వరరావు పార్కులో పొద్దున్నే హాయిగా ఉంటుంది, కానీ వాన పడి నేల తడిగా ఉంటే ఇంట్లోనే. కళ్లు తిరగడం వల్ల తూలుతున్నారేమో, అది మాత్రం ముందు డాక్టర్‌కి చూపించండి.