టెర్సీరా దీవిలోని రంగుల మందిరాలు ఎప్పుడు తెరుస్తారు?

ప్రశ్న: మా అబ్బాయి లిస్బన్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. 2027 వేసవిలో మేమిద్దరం అక్కడికి వెళ్తున్నాము. పోర్చుగల్‌కు చెందిన అజోరెస్ దీవుల్లో, ముఖ్యంగా టెర్సీరాలో, ముదురు రంగులు పూసిన బుల్లి ప్రార్థనా మందిరాలు ఉంటాయని, పండుగనాడు ఊరందరికీ భోజనం పెడతారని చెప్పాడు. ఎప్పుడు వెళ్తే మంచిది? శాకాహారులమైన మాకు అక్కడ తినడానికి ఏమైనా దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: ఆ మందిరాలను అక్కడివారు ‘ఇంపేరియు’ అంటారు. ఒక్క టెర్సీరాలోనే డెబ్బై దాకా ఉన్నాయి. ఇవి చర్చిలు కావు. క్రైస్తవులు దేవుని రూపంగా కొలిచే పవిత్రాత్మ పేరిట ఊరివారే సంఘాలుగా ఏర్పడి కట్టించుకుని, ఏటా రంగులు వేయించి కాపాడుకునే కట్టడాలు. మన అనంతపురం జిల్లా గూగూడులో మొహర్రం వచ్చినప్పుడు పీర్ల చావిడికి ఎంత కళ వస్తుందో మీరు వినే ఉంటారు. పండుగ రోజుల్లో ఇంపేరియుకూ అలాంటి కళే వస్తుంది. తక్కిన రోజుల్లో చాలావాటికి తలుపులు మూసే ఉంటాయి కనుక, తేదీలు చూసుకోకుండా వెళ్తే బయటి గోడలకు ఫొటోలు తీసుకుని తిరిగి రావలసిందే.

ఈస్టర్ తర్వాతి ఆదివారాల్లో మొదలయ్యే ఈ వేడుకలు ఈస్టర్ తర్వాత ఏడో ఆదివారం వచ్చే పవిత్రాత్మ పండుగ పెంతెకొస్తు నాటికి, ఆ తర్వాతి త్రిత్వ ఆదివారం నాటికి పతాకస్థాయికి చేరతాయి. 2027లో అవి మే 16, మే 23 తేదీల్లో వస్తాయి. ఆ రెండు ఆదివారాలూ కలిసేలా వారం రోజులు ఉండగలిగితే అంతకన్నా కావలసింది లేదు. ఊరివారిలో ఒకరిని, తరచూ ఒక చిన్నబిడ్డను, చర్చిలో వెండి కిరీటం పెట్టి ‘చక్రవర్తి’ని చేస్తారు, చేతికి, కొనన పావురం బొమ్మ ఉన్న రాజదండం ఇస్తారు. ఆపై బ్యాండు మేళంతో ఊరేగింపుగా ఇంపేరియుకు వస్తారు. 1336లో మరణించిన పోర్చుగల్ రాణి ఇసబెల్ పేదలను ఆదరించి ఈ ఆచారానికి నాంది పలికిందని చెప్పుకుంటారు. ఇంపేరియు లోపల పూలతో అలంకరించిన మెట్ల పీఠంపై ఆ వెండి కిరీటమే కనిపిస్తుంది. సావ్ సెబాస్తియావ్ ఊరి ఇంపేరియును తప్పక చూడండి; దాని ముఖభాగం మీద పండుగ భోజన పదార్థాలనే బొమ్మలుగా వేశారు.

భోజనం విషయంలో మాత్రం ముందే జాగ్రత్తపడాలి. అక్కడి ప్రధాన వంటకం, రొట్టె ముక్కల మీద పుదీనా వేసి పోసే గొడ్డుమాంసపు రసం. ‘మాసా సొవాద’ అనే తీపి రొట్టెలో గుడ్డు ఉంటుంది. పాలల్లో బియ్యం ఉడికించి, పైన దాల్చినచెక్క పొడి చల్లే తీపి వంటకం ఒకటి ఉంది గానీ, కొందరు అందులోనూ గుడ్డు సొన కలుపుతారు; అడిగి తినండి. ప్రేమగా పెట్టే విస్తరిని అక్కడికక్కడ కాదనడం ఇబ్బంది కనుక, మీ నియమాన్ని మీ అబ్బాయి చేత ముందుగానే చెప్పించడం మంచిది.

లిస్బన్ నుంచి విమానంలో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. 1983లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన ఆంగ్రా దు ఎరొయీస్ము పట్టణంలో బస చేసి, కారు అద్దెకు తీసుకుంటే ఊళ్లన్నీ చుట్టి రావచ్చు. మే నెల నుంచే అక్కడ వీధుల్లో తాడు కట్టిన ఎద్దులను వదిలే ఆట కూడా మొదలవుతుంది. రోడ్డు మీద గీసిన గీత దాకా ఎద్దు రాగలదు కాబట్టి, ఆ గీతకు అవతలే నిలబడి చూడండి.