డాక్టర్ సలహా: ‘నాన్న ఆడితే తప్పు లేదా?’ అని అడుగుతున్నాడు

ప్రశ్న: మా అబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి. దాదాపు ఏడాదిగా ఫోన్‌లో బీజీఎంఐ (తుపాకులతో పోరాడే ఆన్‌లైన్ ఆట) గేమ్ ఆడటం బాగా ఎక్కువైంది. రాత్రి ఒంటిగంట దాకా దుప్పటి కప్పుకొని ఆడతాడు. పొద్దున లేవడు, టిఫిన్ తినకుండానే స్కూలుకు పరుగెడతాడు. క్రికెట్ మానేశాడు, మార్కులు తగ్గాయి. పోయిన నెల నా ఫోన్ నుంచి గేమ్‌లో రూ.1,800 ఖర్చు పెట్టాడు. ఫోన్ లాక్కుంటే తలుపు తన్ని, రెండు పూటలు అన్నం మానేశాడు. మావారు కూడా అదే గేమ్ ఆడతారు. ఆఫీసు నుంచి 9 గంటలకు వచ్చి, అన్నం తింటూ మొదలుపెడితే 12 దాకా ఆయన లోకం అదే. బాబును మందలిస్తే ‘నాన్న ఆడితే తప్పు లేదా?’ అంటాడు. ‘రోజంతా కష్టపడి వస్తాను, వాడూ నేనూ ఒకటేనా?’ అని ఆయన అంటారు. ఇది వ్యసనమా? ఫోన్ పూర్తిగా తీసేయాలా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: మీ అబ్బాయి అడిగిన ప్రశ్నకు మీ ఇంట్లో ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు. వైద్యం అక్కడి నుంచే మొదలవ్వాలని నేను అనుకుంటున్నాను. అయితే ముందు మీ టెన్షన్‌కు కారణమైన ‘వ్యసనం’ సంగతి చూద్దాం.

గేమింగ్ డిజార్డర్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక జబ్బుగానే గుర్తించింది. 2019లో ఆమోదించిన ఐసీడీ-11 అనే వ్యాధుల జాబితాలో దాన్ని చేర్చారు. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. రోజుకు ఇన్ని గంటలు ఆడితే జబ్బు అనే లెక్క అందులో లేదు. ఆట మీద అదుపు తప్పడం, చదువు, తిండి, నిద్ర, స్నేహితులు అన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కళ్లెదుట కనిపిస్తున్నా ఆపలేకపోవడం చూస్తాం. ఇవి మామూలుగా ఏడాది పాటు కొనసాగి, రోజువారీ జీవితం బాగా దెబ్బతింటే అప్పుడు ఆ పేరు పెడతాం. లక్షణాలు తీవ్రంగా ఉంటే ఏడాది ఆగాల్సిన పని లేదు. మీరు రాసినదాన్ని బట్టి బాబు ఆ గీతకు దగ్గర్లోనే ఉన్నాడు. దాటాడో లేదో అతనితో మాట్లాడకుండా ఉత్తరం చూసి చెప్పడం సరికాదు. క్రికెట్ మానేయడం మాత్రం నన్ను మార్కులకన్నా ఎక్కువ ఆలోచింపజేసింది. ఇష్టంగా చేసే పని పిల్లవాడు వదిలేశాడంటే దాని వెనక దిగులు, స్కూల్లో ఎవరైనా ఏడిపించడం, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ లాంటి సమస్యలు ఉండొచ్చు. అలాంటప్పుడు గేమ్ దాక్కునే చోటు అవుతుంది.

ఇప్పుడు మీ వారి సంగతి. తండ్రి గేమ్ ఆడినంత మాత్రాన కొడుకుకు జబ్బు రాదు. తండ్రీకొడుకులు పక్కపక్కన కూర్చుని, నవ్వుకుంటూ రెండు మ్యాచ్‌లు ఆడి, ‘ఇక పడుకుందాం పద’ అని లేచిపోయే ఇళ్లు ఉన్నాయి. ఆ ఇళ్లలో గేమ్ వల్ల బంధం పెరుగుతుంది కూడా. ఇంట్లో పెద్దవాళ్ల స్క్రీన్ అలవాట్లకూ పిల్లల అలవాట్లకూ గట్టి సంబంధం ఉందని మాత్రం అధ్యయనాల్లో కనిపిస్తూనే ఉంది. కొంత స్వభావం పుట్టుకతోనే రావచ్చు. మిగతాది కళ్లతో చూసి నేర్చుకునేదే.

ఏం నేర్చుకుంటారు? నేను పిల్లల్ని విడిగా కూర్చోబెట్టి ‘నాన్న ఎప్పుడు ఆడతారు?’ అని అడుగుతుంటాను. ‘ఆఫీసులో తిట్లు పడ్డ రోజు’, ‘అమ్మతో గొడవైనప్పుడు’ అని టక్కున చెబుతారు. ఏ ఆట, ఏ ర్యాంక్ అన్నది వాళ్లకు రెండో సంగతి. మనసు బాగా లేనప్పుడు నాన్న చేతిలోకి ఏం తీసుకుంటారో వాళ్లు ముందు గమనిస్తారు. రేపు పరీక్ష అంటే భయం వేసినప్పుడు ఆ పిల్లవాడు కూడా అదే తీసుకుంటాడు. భయం కాసేపు తగ్గుతుంది, పుస్తకం అలాగే ఉంటుంది, మర్నాటికి భయం రెట్టింపవుతుంది. మళ్లీ ఫోనే. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఎక్కువ మందిని తిప్పుతున్నది ఈ చక్రమే.

ఇంకోటి, ఆపడం. ‘అన్నం చల్లారిపోతోంది’ అంటే ‘ఈ ఒక్క మ్యాచ్ అయిపోనీ’ అని నాన్న ఎన్నిసార్లు అన్నారో పిల్లవాడు లెక్క పెట్టుకోకపోయినా ఆ మాట అతని నోటికి వచ్చేస్తుంది. పైగా నాన్న ఫోన్‌లో మునిగి ఉన్న మూడు గంటలూ ఆయన కొడుకును చూడటం లేదు. వాడు దుప్పటి కింద ఏం చేస్తున్నాడో చూసే మనిషి ఇంట్లో మీరొక్కరే అయ్యారు. చెప్పేదీ మీరే, లాక్కునేదీ మీరే, చివరికి శత్రువు అనిపించుకునేదీ మీరే. ఇందులో మీ పెంపకం లోపం ఏమీ లేదు.

మీ వారి వాదనలో కొంత నిజం ఉందని ఒప్పుకోవాలి. పెద్దవాళ్లూ పిల్లలూ ఒకటి కాదు. తొందరను అదుపు చేసే మెదడు ముందు భాగం పాతికేళ్ల దగ్గర వరకూ ఎదుగుతూనే ఉంటుంది. మూడు గంటలు ఆడి కూడా ఆయన మర్నాడు ఆఫీసుకు వెళ్లగలుగుతున్నారు. అదే మూడు గంటలు 15 ఏళ్ల వాడి నిద్రను తినేస్తాయి. ఆ వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. కాబట్టి వాడు తనలా ఆపుకోలేడని తెలిసిన తండ్రే ముందు ఆపి చూపించాలి. ఆయన్ను దోషిగా నిలబెట్టకండి. రోజంతా పనిలో నలిగిన మనిషికి స్నేహితులతో మాట్లాడే సమయం బహుశా ఆ గేమ్‌లోనే దొరుకుతుండొచ్చు. బాబు లేనప్పుడు నెమ్మదిగా అడగండి. ‘మానేయండి’ అనకుండా, ‘వాడు నిద్రపోయే దాకా వాయిదా వేయగలరా’ అని అడిగితే చాలామంది తండ్రులు ఒప్పుకుంటారు.

ఆ తర్వాత బాబుతో ఆయనే మాట్లాడాలి. ‘నువ్వు అడిగింది నిజమే. నేనూ ఎక్కువే ఆడుతున్నాను, నాకూ ఆపడం కష్టంగా ఉంది. ఇద్దరం కలిసి తగ్గించుకుందాం’ అంటే చాలు. తండ్రి నోట ఆ మాట విన్న పిల్లలు గదిలో ఏడవడం నేను చూశాను. భోజనం దగ్గర ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. రాత్రి పదిన్నరకు మూడు ఫోన్లూ హాల్లో చార్జింగ్‌కు పెట్టాలి, మొదట నాన్న ఫోన్ పెట్టాలి. ఆదివారం సాయంత్రం ఆయన బాబును క్రికెట్‌కు తీసుకెళ్తే నేను రాసే మందుకన్నా అదే బాగా పనిచేయొచ్చు.

ఫోన్ ఉన్నపళంగా పూర్తిగా తీసేయకండి. బీజీఎంఐలో మామూలు మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, మధ్యలో ఆపే వీలుండదు, వదిలేస్తే జట్టులో తోటివాళ్లు తిడతారు. అందుకే మధ్యలో లాక్కుంటే పిల్లవాడికి అంత కోపం వస్తుంది. మ్యాచ్ మొదలవ్వకముందే ‘ఇవాళ రెండే’ అని ఒప్పందం చేసుకోండి, రెండోది అయ్యాక ఫోన్ అడగండి. 18 ఏళ్లలోపు వాళ్లకు ఆ గేమ్‌లో రోజుకు 3 గంటల పరిమితి ఉంది. బాబు పెద్దవాళ్ల వివరాలతో ఆడుతున్నాడేమో ఒకసారి చూడండి. యూపీఐ పిన్ ఈ రోజే మార్చండి. ఆ రూ.1,800 గురించి ఇంకెన్నాళ్లో దెప్పకుండా, పాకెట్ మనీలోంచి నెలనెలా కొంత తిరిగి ఇప్పించుకోండి.

మీ వారు రమ్మీ లాంటి డబ్బు పెట్టే ఆటలు కూడా ఆడుతుంటే విషయం వేరు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు, 2025లో కేంద్రం డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. అప్పుడు ముందుగా చికిత్స కావాల్సింది ఆయనకు.

ఆరు వారాలు ప్రయత్నించినా మార్పు లేకపోతే, లేదా బాబు స్కూలుకు వెళ్లనని మొండికేస్తే, సైకియాట్రిస్ట్‌ను కలవండి. చనిపోతానని ఒక్కసారి అన్నా బెదిరింపు అనుకోవద్దు, ఆ రోజే చూపించండి, ఒంటరిగా వదలకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోన్, గేమ్ సమస్యల కోసమే 2014 నుంచి షట్ క్లినిక్ నడుస్తోంది. చికిత్సలో మందులకన్నా మాట్లాడి చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ముఖ్యం. దిగులు, ఏడీహెచ్‌డీ ఉన్నాయని తేలితే వాటికి మందులు వాడతాం.

డాక్టర్ దగ్గరకు ముగ్గురూ వెళ్లండి. అంతకుముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో ఎవరు ఎన్ని గంటలకు ఫోన్ పట్టుకున్నారు, అప్పుడు మనసు ఎలా ఉంది, ఎన్నింటికి పడుకున్నారు అని రాయండి. బాబుకు ఒక పేజీ, నాన్నకు ఒక పేజీ. ఎవరిది వాళ్లే రాసుకోవాలి.