లడఖ్ యాత్రకు అప్పు చేయవచ్చా?

ప్రశ్న: మేమిద్దరం హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తున్నాం. ఖర్చులు, 15 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) పోను నెలకు మరో 15 వేలు మిగులుతోంది. జూన్‌లో ఆరు రోజులు లడఖ్ వెళ్లి, బైకు మీద ఖర్దుంగ్ లా కనుమ ఎక్కాలని, జంస్కార్ నదిలో రాఫ్టింగ్ చేయాలని కోరిక. 2 లక్షలవుతుందట. 14 శాతం వడ్డీకి మూడేళ్ల వ్యక్తిగత రుణం తీసుకోవచ్చా?

జవాబు: వద్దండీ. నెలకు దాదాపు 6,835 రూపాయల చొప్పున 36 వాయిదాలు. వడ్డీయే 46 వేలు దాటుతుంది. ఆరు రోజుల సరదాకు మూడేళ్లు కడతారా?

సిప్ జోలికి వెళ్లకూడదని మా వృత్తిలో చాలామంది పట్టుబడతారు. నాకంత పట్టింపు లేదు. ఈ మార్చి నుంచి ఆగస్టు దాకా సిప్‌లో 5 వేలు తగ్గించి, మిగులుతో కలిపి నెలకు 20 వేలు లిక్విడ్ ఫండ్‌లో (కావాల్సినప్పుడు డబ్బు వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) వేయండి. విమానం టికెట్లకు ముందే కొంత తీయాలి కాబట్టి రికరింగ్ డిపాజిట్ కుదరదు. ఆగస్టుకు 1.20 లక్షలు చేరుతాయి. యాత్రను అందులోనే ముగించాలి. సెప్టెంబరు మొదట్లో బయల్దేరండి, రాఫ్టింగ్ అప్పటికింకా నడుస్తుంటుంది.

తగ్గిన 80 వేలలో కొంత టాక్సీ దగ్గర కలిసివస్తుంది. లేహ్‌లో టాక్సీ సంఘం నిర్ణయించే ధర బండికి, మనిషికి కాదు. నుబ్రా లోయకు, పాంగాంగ్ సరస్సుకు ఇద్దరే వెళ్లినా బండి మొత్తం కిరాయి మీదే. తోడు ప్రయాణికులను వెతుక్కోండి. ఖరీదైన గుడారాల బదులు ఊళ్లలో హోమ్‌స్టేలు చూడండి. బైకు లేహ్‌లోనే అద్దెకు తీసుకోండి, బయటి అద్దె బైకులను అక్కడి సంఘాలు తిరగనివ్వవు.

రోజుల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. లేహ్ ఎత్తే సుమారు 3,500 మీటర్లు, ఖర్దుంగ్ లా 5,359. దిగిన మొదటి రెండు రోజులు విశ్రాంతికే వదిలేసి, ప్రయాణాన్ని ఎనిమిది రోజులు చేసుకోండి. ఆ గది అద్దె దండగనిపిస్తుంది. ఆ ఎత్తు పడక తలనొప్పి, వాంతులతో మధ్యలోనే వెనక్కి రావాల్సి వస్తే, అప్పటికప్పుడు కొనే టికెట్ల ముందు అదెంత?

ఇక బీమా. ఆరోగ్య పాలసీల్లోని ప్రామాణిక మినహాయింపు సాహస క్రీడలను వృత్తిగా ఆడేవారికే వర్తిస్తుంది, మీలాంటి సరదా ప్రయాణికులకు కాదు. ప్రమాద బీమా, ప్రయాణ బీమాల సంగతి వేరు: రాఫ్టింగ్‌ను, ఎత్తయిన చోట్లను మినహాయించేవి చాలానే ఉన్నాయి. మీ బీమా కంపెనీకి ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు వచ్చాకే రాఫ్టింగ్‌కు డబ్బు కట్టండి.