పెళ్లి ఫొటోలకు రెండో కెమెరా బాడీ: ఏది తీసుకోవాలి?

ప్రశ్న: పెళ్లి ఫొటోలు తీస్తుంటాను. నా దగ్గర కెనాన్ 6డీ మార్క్ 2 బాడీ (లెన్స్ లేని కెమెరా), ఈఎఫ్ 24–70 ఎఫ్/2.8, ఈఎఫ్ 70–200 ఎఫ్/2.8 లెన్సులు, ఒక ఫ్లాష్ ఉన్నాయి. రెండో బాడీగా కొత్త ఆర్8 కొనాలా, లేక సెకండ్ హ్యాండ్‌లో ఆర్6 గానీ 5డీ మార్క్ 4 గానీ చూడాలా?

జవాబు: ఈ మూడింటిలో ఆర్6 తీసుకోమంటాను. అయితే కారణాలు కూడా వివరంగా చెప్పాలి. మంచి స్థితిలో ఉన్న ఆర్6 దొరకకపోతే, అవే కారణాలను దగ్గర పెట్టుకుని మరో బాడీని మీరే ఎంచుకోవలసి వస్తుంది.

పెళ్లిలో రెండో బాడీకి రెండు పనులుంటాయి. ఒక బాడీకి దగ్గరి దృశ్యాలకు 24–70, మరోదానికి దూరం నుంచి తీయడానికి 70–200 తగిలించి ఉంచుకుంటే లెన్స్ మార్చే లోపు ముఖ్యమైన ఘట్టం చేజారిపోదు, సెన్సర్ మీద దుమ్ము పడే అవకాశమూ తగ్గుతుంది. ఇది ప్రతి పెళ్లిలోనూ ఉండే పని. రెండోది ఎప్పుడో ఒకసారి గానీ ఎదురుకాదు: కార్యక్రమం మధ్యలో మొదటి బాడీ మొరాయిస్తే మిగిలిన పెళ్లంతా ఈ ఒక్క బాడీతోనే పూర్తి చేయవలసి రావడం. చాలామంది మొదటి పనినే లెక్కలోకి తీసుకుని తేలికపాటి బాడీతో సరిపెట్టుకుంటారు. పెళ్లిని మరోసారి జరపమని వధూవరులను అడగలేం కాబట్టి, రెండో పనిని మనసులో పెట్టుకునే ఎంపిక చేయాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఆ దృష్టితో చూస్తే మొదట పరిశీలించవలసింది ఫొటోలు దాచే మెమరీ కార్డుల స్లాట్లు. మీ 6డీ మార్క్ 2లో ఒకే ఎస్‌డీ స్లాట్ ఉంది, ఆర్8లోనూ ఒకటే. ఆర్6లో రెండు ఎస్‌డీ స్లాట్లున్నాయి; 5డీ మార్క్ 4లో ఒకటి సీఎఫ్ (మరో రకం కార్డు), మరొకటి ఎస్‌డీ. ప్రతి ఫొటోనూ ఒకేసారి రెండు కార్డుల్లోనూ రాసే సదుపాయం ఉంటే, ఒక కార్డు చెడిపోయినా పెళ్లి ఫొటోలు భద్రంగా ఉంటాయి. ఇప్పటిదాకా మీకు ఆ రక్షణ లేదు. అందువల్ల కొత్తగా వచ్చే బాడీయే మీ ప్రధాన కెమెరా కావాలి; 6డీ మార్క్ 2 రెండో స్థానానికి మారాలి. ఒకే స్లాట్ ఉన్న రెండు బాడీలతో పెళ్లికి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను. ఆర్8ను పక్కన పెట్టడానికి ఇదొక్కటే చాలు. దాని సెన్సర్, ఫోకస్ ఎంతో బాగుంటాయి గానీ, బాడీలో చేతి వణుకును సరిచేసే స్టెబిలైజేషన్ లేదు, బ్యాటరీ కూడా మీ దగ్గరున్న రకం కాదు.

బ్యాటరీని చిన్న విషయమనుకోకండి. 6డీ మార్క్ 2, 5డీ మార్క్ 4 రెండూ ఎల్‌పీ-ఈ6ఎన్ బ్యాటరీతో నడుస్తాయి. ఆర్6తో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ వస్తుంది. మీ పాత బ్యాటరీలూ అందులో పనిచేస్తాయి, కాకపోతే వరుసగా తీసే వేగం కొంత తగ్గుతుంది. ఒకే రకం చార్జర్, ఒకే సంచిలో కలిపి ఉంచుకోగలిగిన బ్యాటరీలు పెళ్లి రోజున ఎంతో ఆందోళనను తప్పిస్తాయి. ఒక హెచ్చరిక: ఆప్టికల్ వ్యూఫైండర్‌తో (లెన్స్ గుండా దృశ్యాన్ని నేరుగా చూపే కిటికీ) 6డీ మార్క్ 2 ఒక చార్జింగ్ మీద సుమారు 1200 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ (కంటి దగ్గరి చిన్న తెర) ఉన్న ఆర్6లో ఆ సంఖ్య కొన్ని వందలకు పడిపోతుంది. అందుకని అదనపు బ్యాటరీల ఖర్చును కూడా ముందే లెక్కలో వేసుకోండి.

మీ ఈఎఫ్ లెన్సులు, వాటిని ఆర్ బాడీలకు కలిపే ఈఎఫ్–ఈఓఎస్ ఆర్ అడాప్టర్‌తో ఆర్6 మీద ఆటోఫోకస్ సహా చక్కగా పనిచేస్తాయి. ఆ అడాప్టర్‌ను ఆర్6 బాడీకే బిగించి వదిలేయండి. అప్పుడు ఏ లెన్స్ అయినా ఏ బాడీకైనా తగిలించుకోవచ్చు. ఆర్ బాడీల కోసమే చేసిన ఆర్‌ఎఫ్ లెన్సులు మాత్రం 6డీ మార్క్ 2కు ఏ విధంగానూ సరిపోవు. అందువల్ల పాత బాడీ వాడుతున్నంత కాలం కొత్త లెన్సుల జోలికి వెళ్లకపోవడమే మేలు.

ఆర్6లో 20.1 మెగాపిక్సెళ్లేనని కొందరు వెనకాడతారు. దాని ఫొటో 5472×3648 పిక్సెళ్లు ఉంటుంది. అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున 18×12 అంగుళాల పేజీకి సరిగ్గా సరిపోతుంది. ఆల్బమ్‌లో రెండు పేజీల నిండా పరచిన ఫొటో కూడా చూసే దూరాన్ని బట్టి బాగానే కనిపిస్తుంది. బాగా కత్తిరించి వాడుకునే అలవాటున్నవారికి 5డీ మార్క్ 4లోని 30.4 మెగాపిక్సెళ్లు నిజంగానే ఉపయోగం. అడాప్టర్ అక్కర్లేకపోవడం, మీకు అలవాటైన ఆప్టికల్ వ్యూఫైండర్ కూడా దాని బలాలే. అయినా నేను ఆర్6 వైపు మొగ్గడానికి కారణం ఫ్రేమ్‌లో దాదాపు ఏ మూలనున్న కంటినైనా పట్టుకోగల దాని ఫోకస్. 6డీ మార్క్ 2లో 45 ఫోకస్ పాయింట్లూ మధ్యలోనే గుమిగూడి ఉండడం మీకు అనుభవమే. బాడీలోని స్టెబిలైజేషన్ కూడా మసక వెలుతురులో ఆసరా అవుతుంది. అయితే అది మీ చేతి వణుకును ఆపుతుందే తప్ప నడిచే మనుషుల కదలికను ఆపలేదు, కాబట్టి షట్టర్ వేగాన్ని మరీ తగ్గించకండి.

నిశ్శబ్దంగా ఉంటుందని ఆర్6లో ఎలక్ట్రానిక్ షట్టర్‌ను ఆన్ చేసి మరిచిపోవద్దు. ఎల్ఈడీ దీపాల కింద ఫొటోల్లో అడ్డచారలు పడవచ్చు, చురుగ్గా కదిలే చేతులు వంకరగా రావచ్చు. పైగా ఆ షట్టర్‌తో ఫ్లాష్ వెలగదు. మెకానికల్ షట్టర్‌కు అలవాటు పడండి.

రెండు బాడీలతో అసలు శ్రమంతా ఎడిటింగ్ దగ్గర బయటపడుతుంది. బయలుదేరే ముందు రెండింటి గడియారాలనూ సెకన్లతో సహా ఒకటి చేయండి. లేకపోతే వేల ఫొటోలను వరుసక్రమంలో పెట్టడం నరకమవుతుంది. ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (వెలుతురు రంగును సరిదిద్దే అమరిక) రెండు సెన్సర్లూ వేర్వేరుగా అంచనా వేస్తాయి కాబట్టి, ఒకే వేదిక మీద తీసేటప్పుడు రెండింటిలోనూ ఒకే కెల్విన్ (వెలుతురు రంగు కొలత) విలువ పెట్టండి, ఒక గ్రే కార్డ్ (రంగులు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) ఫొటో కూడా తీసి ఉంచుకోండి. 6డీ మార్క్ 2 రా ఫైళ్లు (సెన్సర్ ఇచ్చినది ఇచ్చినట్లే దాచేవి) సీఆర్2 రకం, ఆర్6వి సీఆర్3. మీరు ఇంకా పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ 6 వాడుతుంటే అది సీఆర్3ని తెరవలేదు. అడోబీ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ముందుగా మార్చుకోవాలి.

సెకండ్ హ్యాండ్ బాడీ కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్నిసార్లు షట్టర్ కదిలిందో ఆ లెక్క) అడగండి. కెనాన్ ఫొటో ఫైళ్లలో సాధారణంగా ఆ సంఖ్య కనిపించదు. సర్వీస్ సెంటర్‌లో చూపించడం నమ్మకమైన మార్గం. రెండు స్లాట్లలోనూ కార్డులు పెట్టి మీ ఎదురుగానే వరుసగా కొన్ని వందల ఫొటోలు తీసి చూడండి. వీలైతే కొనే ముందు ఒక రోజు అద్దెకు తీసుకుని చిన్న కార్యక్రమంలో వాడండి.

ప్రశ్న: నాది సోనీ ఏ7 3. ఖర్చు తగ్గుతుందని రెండో బాడీగా ఏ6400 తీసుకోవచ్చా?

జవాబు: మరో ఏ7 3 సెకండ్ హ్యాండ్‌లో తీసుకోండి. ఏ6400లో స్లాట్ ఒకటే, బ్యాటరీ వేరు. దాని చిన్న సెన్సర్ మీద 70–200 లెన్స్ 105–300కు సమానమవుతుంది, దూరం నుంచి ముఖాలు తీయడానికి అది బాగానే ఉంటుంది. కానీ ఏ7 3 ఆగిపోయిన రోజున మీ 24–70 కాస్తా 36–105 అయిపోతుంది. ఇరుకు గదిలో బంధువులందరినీ ఒక్క ఫ్రేమ్‌లోకి తేలేరు, మసక వెలుతురులో నాయిస్ (గరుకు చుక్కలు) కూడా ఒక స్టాప్‌కు (వెలుతురు సగమైతే వచ్చే తేడా) పైగా ఎక్కువ కనిపిస్తుంది. ఏ6400 ఇప్పటికే కొనేసి ఉంటే దానికి 70–200 తగిలించి వాడుకోండి, సంచిలో మాత్రం ఒక 16–35 లెన్స్ తప్పకుండా ఉంచుకోండి.