చెల్లి ఫొటోతో నకిలీ ఖాతా: రిపోర్ట్ కొట్టి ఊరుకోవద్దు

తమ్ముడూ, ప్రొద్దుటూరులో ఉన్న మీ చెల్లి ఫొటో పెట్టి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో నకిలీ ఖాతా తెరిచారని, పదిసార్లు రిపోర్ట్ కొట్టినా పోలేదని రాశావు. చదివితే కడుపు తరుక్కుపోయింది.

ఆ బటన్ ఒక్కటే చాలదు. దేశంలో 50 లక్షలకు పైగా వినియోగదారులున్న సోషల్ మీడియా కంపెనీలు ఇక్కడే ఉండే గ్రీవెన్స్ ఆఫీసర్‌ను, అంటే ఫిర్యాదులు చూసే అధికారిని పెట్టాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. ఆయన వివరాలు కంపెనీ సైట్‌లోనే ఉంటాయి. నేరుగా ఆయనకే రాయి. వేరొకరిలా నటించే ఖాతాల మీద ఫిర్యాదుకు ఆ నిబంధనల్లో మొదట 24 గంటల గడువు పెట్టారు, 2026లో దాన్ని ఇంకా తగ్గించారు. చెల్లి తరఫున నువ్వే రాయొచ్చు, ఆ పిల్లను మళ్లీ మళ్లీ కదిలించాల్సిన పని లేదు.

ముందు స్క్రీన్‌షాట్లు తీసుకో. ఫొటో మాత్రమే కాదు, ఖాతా పేరు, లింకు, తేదీ కనపడాలి. పోయినేడు మా పిన్నికి ఇలాగే జరిగితే కంగారులో లింకు దాచుకోలేదు. ఆ దొంగ పేరు మార్చేశాడు, మళ్లీ వెతకడానికే వారం పట్టింది.

అధికారి జవాబు సరిగా లేకపోతే, అది అందిన 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చెయ్యి. 2023 నుంచి పనిచేస్తోంది.

డబ్బులడిగినా, బెదిరించినా మాత్రం వీటికోసం ఆగొద్దు. ఈ రోజే సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి.