సెమినార్‌కి కాకాపోని తీసుకోండి

జంతువుల జీనోమ్ సీక్వెన్సింగ్ (ఒక జీవి మొత్తం డీఎన్ఏని చదవడం) మీద సెమినార్ ఇస్తానంటే "దానివల్ల ఏం ఒరుగుతుంది?" అని మీ గైడ్ అడిగారని, ఏం చెప్పాలో తోచడం లేదని రాశారు. టెన్షన్ పడకండి. పది జంతువుల పేర్లు ఏకరువు పెట్టకుండా ఒక్కదాన్ని లోతుగా చెప్పండి. నేనైతే న్యూజిలాండ్ కాకాపోని ఎంచుకుంటాను. ఎగరలేని పెద్ద చిలుక అది, 1995 నాటికి 51 మాత్రమే మిగిలాయి.

వాటిలో ఒక్కటి తప్ప అన్నీ న్యూజిలాండ్ దక్షిణాన ఉన్న స్టీవర్ట్ దీవి సంతతివే. ఆ ఒక్కటీ 1975లో ప్రధాన భూభాగంలోని ఫియోర్డ్‌లాండ్‌లో దొరికిన మగపక్షి, రిచర్డ్ హెన్రీ. దీవి పక్షులు సుమారు 10,000 ఏళ్లు తమలో తామే జతకట్టాయి కదా, హానికర మ్యుటేషన్లు (డీఎన్ఏలో మార్పులు) పేరుకుపోయి ఉంటాయనే ఎవరైనా అనుకుంటారు. 2021లో 35 దీవి పక్షుల జీనోములను ప్రధాన భూభాగంలో ఒకప్పుడు బతికిన 14 పక్షుల జీనోములతో పోల్చితే తేలింది వేరు. అలాంటి మ్యుటేషన్లు దీవి పక్షుల్లోనే తక్కువ! తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే చెడ్డ మ్యుటేషన్ వచ్చిన పిల్లలు బతకకపోవడంతో, తరాలు గడిచేకొద్దీ అది ఏరివేతకు గురైందన్నమాట. బయటి నుంచి పక్షిని చూస్తే ఇది ఎప్పటికీ తెలిసేది కాదు. నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఇదే.

తర్వాత 169 పక్షుల జీనోములు చదివి, పిల్లల ఎదుగుదల, రోగాలు సోకే అవకాశం వంటివాటితో ముడిపడిన జన్యు తేడాలు గుర్తించారు. దీన్ని ఒక్క స్లైడ్‌లో ముగించవచ్చు.

"అయితే ఇన్‌బ్రీడింగ్ (దగ్గరి బంధువుల మధ్య జతకట్టడం) మంచిదేనా?" అని గైడ్ తప్పక అడుగుతారు. కాదనే చెప్పండి. కాకాపో గుడ్లలో చాలావాటి నుంచి ఇప్పటికీ పిల్లలు బయటికి రావడం లేదు.