గండికోట ఫోటోల్లో లోయ లోతు, తూకం ఎందుకు కనిపించడం లేదు?

లోయ అంచున నిలబడితే ఒళ్లు ఝల్లుమంటుందనీ, ఫోటోలో మాత్రం ఒక పక్క ఎర్ర రాళ్ల గుట్ట, మరో పక్క వెలితి మిగులుతున్నాయనీ, ఫ్రేమును అడ్డంగా, నిలువుగా మూడేసి భాగాలు చేసే మూడో వంతు గీతలు పాటించినా ఫలితం లేదనీ అడిగారు. గండికోటలో చాలాసార్లు ఫోటోలు తీసిన అనుభవంతో చెబుతున్నాను.

ఆ గీతలు ఒక వస్తువును ఎక్కడ ఉంచాలో చెబుతాయి. దానికి ఎదురు బరువు ఏమిటో చెప్పవు. మీరు నిలబడిన వైపు బండలు దగ్గరగా ఉంటాయి కాబట్టి ఫ్రేములో భారీగా పడతాయి. పెన్నకు అవతలి గోడ నిజానికి ఎంత పెద్దదైనా దూరం వల్ల చిన్నదైపోతుంది. బరువులు సమానంగా లేనప్పుడు కావడి మోసే మనిషి ఏం చేస్తాడు? భుజాన్ని బరువున్న వైపుకు జరుపుకుంటాడు. ఇక్కడా అంతే. దగ్గరి బండను ఫ్రేము మధ్యకు కాస్త జరపండి. రెండో వైపు, ఫ్రేము అంచుకు దగ్గరగా, చిన్నదైనా సరే కంటిని లాగేది ఒకటి ఉండాలి. నది వంపులో మెరిసే నీరు కావచ్చు, ఎదుటి గోడ మీద ఎండ పడిన ఒక ముక్క కావచ్చు. చూపు ముందుగా వెలుతురు మీదికే పోతుంది కాబట్టి, నీడలో ఉన్న పెద్ద గోడను కూడా ఆ చిన్న ఎండ ముక్క తూచగలదు. అందుకే ఉదయం ఏటవాలు వెలుగు నాకు ఇష్టం. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు రాతి పొరల మధ్య నీడలు పోయి అంతా ఒకే ఎరుపవుతుంది.

లోతు సంగతి వేరు. దాన్ని తేల్చేది కెమెరా ఎత్తు. కెమెరాను బాగా కిందికి దించితే ముందున్న బండ నదిని మింగేస్తుంది, నది కనిపించకపోతే అది లోయ అని ఎవరికీ తెలియదు. చేతులు పైకెత్తి తీయండి, లేదా కాస్త ఎత్తయిన బండ ఎక్కండి. లోయ అంచుకు మాత్రం వెళ్లవద్దు. అక్కడి రాళ్లు పేర్చినట్టు ఉంటాయి, గాలి కూడా గట్టిగా వీస్తుంది. రెండు అడుగులు పక్కకు జరిగితే దగ్గరి బండ స్థానం పూర్తిగా మారుతుంది, ఎదుటి గోడ దాదాపు కదలదు. అందుకే జూమ్ ముట్టుకునే ముందు కాళ్లతో వెతకండి.

ఫోనులో ఎక్కువ వెడల్పును చూపే 0.5 లెన్స్ ఆశపెడుతుంది గానీ, ఎదుటి గోడను మరీ చిన్నది చేస్తుంది. నేనైతే 1 మీద, ఫోనును నిలువుగా పట్టుకుని తీస్తాను. దూరంగా, సురక్షితమైన చోట ఒక మనిషి నిలబడి ఉంటే లోయ ఎంత పెద్దదో చెప్పనక్కర్లేదు. మబ్బులేని వేసవి ఆకాశానికి పైన సన్నని పట్టీ చాలు. వానాకాలపు మబ్బులకైతే సగం ఫ్రేము ఇచ్చినా నష్టం లేదు.

తీశాక అక్కడే ఫోటోను నలుపు తెలుపులోకి మార్చి, తలకిందులుగా తిప్పి చూడండి. రాయి, నీరు అన్న ఆలోచన పోయి ముదురు, లేత మచ్చలే మిగులుతాయి. ఏ వైపు ఒరిగిందో వెంటనే తెలుస్తుంది.

కోట లోపల మాధవరాయ ఆలయ గోపురాన్నీ జామా మసీదు మినార్లనూ ఒకే ఫ్రేములోకి తేవాలంటే పద్ధతి తిరగబడుతుంది. బాగా వెనక్కి నడిచి 2 లేదా 3 జూమ్ వాడండి. దగ్గరిది అతిగా పెరగకుండా రెండూ నిజమైన పరిమాణాలకు దగ్గరగా వస్తాయి. వాటి మధ్య కొంత ఆకాశం వదలండి, ఒకదాని అంచు మరొకదాన్ని తాకితే రెండూ కలిసిపోయి ఒకే ముద్దలా కనిపిస్తాయి.